పెద్దావిడ చేతి గింజ

నేను అపొండికి సవతిని. ఈ ముక్క ముందే చెప్పేస్తే మీకు నా మీద ఏ భ్రమలూ ఉండవు. మా ఆయన ఒపండె బతికున్న రోజుల్లో మేమిద్దరం ఒకే వాకిట్లో రెండు గుడిసెల నుంచి రోజూ తిట్టుకున్నవాళ్ళమే. ఆయన అపొండి ఇంట్లో చేపల పులుసు తిని మూతి తుడుచుకుంటూ నా గుమ్మం ఎక్కితే, నేను సంకటి గిన్నె నేలకేసి కొట్టిన రోజులున్నాయి. క్షయ వచ్చి ఆయన పోయాక పోట్లాడుకోవడానికి మాకు మేమే మిగిలాం. అలా ఒకరికొకరం అయ్యాం.

అపొండి సరస్సు ఒడ్డున చేపలు కొని, ఐసు పెట్టెల్లో పేర్చి కిసుము పట్నం సంతకు పంపుతుంది. ఆమె బేరానికి దిగితే పడవల వాళ్ళు తల గోక్కునేవాళ్ళు. అలాంటి మనిషి చేతులు పొద్దున్న పూట బిగుసుకోవడం మొదలైంది. ముందు ఎండెక్కాక వదిలేవి, తర్వాత ఎండెక్కినా వదల్లేదు. వేళ్ళ కణుపులు ఉబ్బాయి, మణికట్లు కాలిపోతూ ఉండేవి. టీ కప్పును రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని తాగేది. ఆమె జుట్టు నేనే అల్లేదాన్ని, గౌను గుండీలు నేనే పెట్టేదాన్ని. పెడుతున్నంత సేపూ తిట్లే.

"మెల్లగా లాగవే, నేనేమన్నా నీ మేకనా?"

"మేకయితే ఇంత వాగదు" అనేదాన్ని.

ఊళ్ళో ఈ జబ్బుకు పేరు సిద్ధంగా ఉంది. చిరా. ఆచారం తప్పిన వాళ్ళను పట్టి కొంచెం కొంచెంగా తినేసే శాపం. అపొండి తప్పిన ఆచారం ఏమిటంటే, మొగుడు పోయాక మరిదిని ఇంట్లోకి రానివ్వకపోవడం. మా లువో తెగలో విధవను మొగుడి తమ్ముడు ఏలుకోవాలి. మా మరిది ఒగుటు అందుకు సిద్ధపడి, చాప చంకన పెట్టుకుని వచ్చాడు కూడా. అపొండి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఏం మరిదీ, నీ ఇంట్లో పడుకోడానికి చోటు లేదా? పోనీ ఆ చాప ఇక్కడ పెట్టి నువ్వెళ్ళు. చేపలు ఎండబెట్టుకుంటాను."

అతను నా గుమ్మం వైపు తిరిగితే నేను చీపురు చూపించాను. ఆ రోజు నుంచి మా ఇద్దరి మీదా కత్తి కట్టాడు. అపొండి వేళ్ళు వంకర తిరుగుతున్న కొద్దీ అతని మొహం విచ్చుకుంటూ వచ్చింది.

ఒడ్డున ఎవరో చెబితే పట్నం పెద్దాసుపత్రికి వెళ్ళాం. వారానికోసారి మింగే మాత్రలు ఇచ్చారు. కొన్ని నెలలు మింగింది. వాపు కాస్త తగ్గినట్టే తగ్గి మళ్ళీ మొదటికొచ్చింది. అప్పుడు డాక్టర్ నెకెసా సూది మందు మాట ఎత్తింది. ఆసుపత్రి వాళ్ళ పథకంలో ఎంపిక చేసిన కొందరికి అది ఉచితంగా ఇస్తున్నారు.

బయట బెంచీ మీద ఆ సూది కోసమే వచ్చిన వాళ్ళు ఇంకా ముగ్గురు కూర్చున్నారు. వెన్ను బిగుసుకుపోయి మెడ తిప్పలేని మోటారు సైకిల్ టాక్సీ కుర్రాడు ఒకడు. మోచేతుల మీద చర్మం పొలుసులు పొలుసులుగా లేచిన స్కూలు టీచరు ఒకాయన. పేగులు పుండ్లు పడి ఎండుకుపోయిన పిల్ల ఒకతె. నాకు ఒళ్ళు మండింది. లోపలికి వెళ్ళగానే అడిగేశాను.

"డాక్టరమ్మా, ఇందరికీ ఒకటే మందా? మా సంతలో ఒకడున్నాడు, ఒకే సీసాతో పంటి నొప్పి, గొడ్రాలితనం, కోర్టు కేసు మూడూ నయం చేస్తాడు. మీకేమన్నా చుట్టమా?"

డాక్టరమ్మ పగలబడి నవ్వింది. మా బుట్టల వాసన పట్టిందేమో, ఒడ్డు భాషలోనే మొదలుపెట్టింది.

"పడవ ఒడ్డుకొస్తే మీ దగ్గర ఏం చేస్తారు?"

"ఒకడు కేకేస్తాడు. అందరం బుట్టలు పట్టుకుని పరిగెడతాం" అంది అపొండి.

"పడవ రాకుండానే వాడు తాగేసి పొద్దస్తమానం కేకలేస్తుంటే?"

"తొక్కుకు చస్తాం. బుట్టలు విరుగుతాయి, ఎండబెట్టిన చేపలు మట్టిపాలవుతాయి."

"నీ కీళ్ళలో జరిగేది అదేనమ్మా. ఒంట్లో కాపలా కాసే కణాలు ఉంటాయి. రోగం చొరబడితే వాటిని పిలవడానికి ఒక పదార్థం ఉంది, అదే ఆ కేక. నీ ఒంట్లో శత్రువు లేకుండానే కేక ఆగట్లేదు. కాపలా వాళ్ళు ఎగబడి వచ్చి నీ కీళ్ళనే కొడుతున్నారు. ఆ కుర్రాడికి వెన్నులో, టీచరుగారికి చర్మంలో, ఆ పిల్లకి పేగుల్లో. చోట్లు వేరు, కేక ఒకటే. ఈ మందు తిరుగుతూ తిరుగుతూ ఆ కేకను దొరికిన చోటల్లా పట్టేసుకుంటుంది. అది చెవిన పడకపోతే కాపలా వాళ్ళు చల్లబడతారు. కీళ్ళ జబ్బులన్నిటికీ పనికిరాదు. ఈ కేక వల్ల వచ్చిన వాటికే."

"మాత్రలాగే కలిపి చేస్తారా?" అన్నాను.

"కాదు. బతికున్న కణాలను పెంచి, వాటి చేత తయారు చేయిస్తారు. అందుకే అంత సుకుమారం. మింగితే కడుపు దాన్ని అరిగించేస్తుంది. కాబట్టి చర్మం కింద పొడవాలి."

అపొండి అడ్డం తగిలింది. "వాడి నోరు నొక్కేస్తే, నిజంగా పడవొచ్చిన రోజున ఎవరు చెప్తారు?"

డాక్టరమ్మ కుర్చీలో ముందుకు జరిగింది. "అదే నా భయం కూడా. మీ ఆయన దేనితో పోయాడు?"

చెప్పాం. పరీక్షలు చేశారు. ఒపండె పోతూ పోతూ ఆమె ఊపిరితిత్తుల్లో కాస్త క్షయను పడుకోబెట్టి పోయాడట. సూది వేస్తే అది నిద్ర లేవచ్చట. అందుకని ముందు దానికి మాత్రలు మొదలుపెట్టి, అవి ఒంటికి పట్టాక గానీ సూది ముట్టుకోం అన్నారు. చచ్చినా ఈ మనిషి మమ్మల్ని వదలడని నేను గొణిగితే అపొండి నన్ను మోచేత్తో పొడిచింది.

లేచే ముందు అపొండి ఇంకో మాట అడిగింది. "మా ఊళ్ళో దీన్ని శాపం అంటున్నారు."

"శాపం నా పరీక్షల్లో కనబడదు, ఉందో లేదో చెప్పలేను. ఇది మాత్రం కనబడింది" అంది డాక్టరమ్మ. "ఇంకోటి. ఇది జబ్బును వేళ్ళతో సహా పీకెయ్యదు, అదుపులో పెడుతుంది. జ్వరం వస్తే సూది ఆపేసి నా దగ్గరకి పరిగెత్తుకు రా."

మొదటి సూదులు ఆసుపత్రిలోనే వేశారు. వెంటనే ఏమీ జరగలేదు. కొన్ని వారాలయ్యాక ఒక పొద్దున నేను గుండీలు పెట్టబోతే అపొండి నా చేతి మీద చరిచింది.

"తియ్యి నీ చేతులు."

ఒక్కొక్క గుండీ తనే పెట్టుకుంది. చాలాసేపు పట్టింది. నాకు ఏడుపొచ్చింది, ఏడుస్తున్నందుకు నా మీద నాకే కోపమొచ్చింది. తర్వాత ఆమె ఒడ్డుకు వెళ్ళి ఒగుటు స్నేహితులందరూ చూస్తుండగా చేపల బుట్ట రెండు చేతులతో ఎత్తి నెత్తిన పెట్టుకుంది. ఆ పూట బేరంలో ఎవరికీ జాలి చూపించలేదని విన్నాను.

ప్రతిసారీ పట్నం రానక్కర్లేదు, రెండు వారాలకోసారి ఇంట్లోనే పొడుచుకోమని నేర్పించి, మందు నింపి ఉన్న సూదులు చల్లని పెట్టెలో పెట్టి ఇచ్చారు. "చల్లగా ఉండాలి, గడ్డకట్టకూడదు. ఫ్రిజ్ ఉందా?" అని అడిగింది డాక్టరమ్మ.

అపొండికి ఆ ప్రశ్న అవమానంగా తోచింది. "ఐసు నా వ్యాపారం డాక్టరమ్మా. నా పెట్టెలో పెట్టింది ఏదీ ఇంతవరకు కుళ్ళలేదు."

ఇంటికొచ్చాక ఆమె చేసిన పని మా ఒడ్డు మనిషి తప్ప ఇంకెవరూ చెయ్యరు. దూరం పోయే పెద్ద చేపలకు మేం ఐసులో ఉప్పు కలుపుతాం. ఉప్పు కలిస్తే ఐసు ఇంకా కొరుకుతుంది, చేప రాయిలా బిగుస్తుంది. సూదుల్ని గుడ్డలో చుట్టి ఆ ఉప్పు ఐసు అడుగున, అన్నిటికన్నా మంచి చోటు అనుకున్న చోట పెట్టింది.

"గడ్డకట్టకూడదంది కదక్కా" అన్నాను.

"ఆవిడ డాక్టరు. ఐసు గురించి ఆవిడకేం తెలుసే? ఎంత గట్టిపడితే అంత తాజా."

పొడుచుకునే రోజున సూదిని తీసి, గౌను లోపల గుండెల దగ్గర పెట్టుకుని కరిగించి, తొడలో పొడుచుకునేది. తలుపు వేసుకునే చేసేది. ఊళ్ళో వాళ్ళు చూస్తే దీనికి ఇంకో కథ అల్లుతారని.

రెండో సూది అయ్యేసరికి పొద్దున్నే వేళ్ళు మళ్ళీ బిగుసుకున్నాయి. మరో రెండు వారాలకు పాత వాపు పాతచోటికే వచ్చి కూర్చుంది. సరిగ్గా అప్పుడే పెద్ద వానలు మొదలయ్యాయి.

మా ఇళ్ళలో మొదటి విత్తు పెద్ద భార్యది. ఆమె తన చేత్తో గుంట తవ్వి గింజ వెయ్యకుండా చిన్న భార్య పొలంలో పార వెయ్యకూడదు. పెద్దావిడ చెయ్యి ఆడకపోతే ఇంటి మగాడు వచ్చి విత్తు తెరవాలి, అంటే ఆ మొదటి గింజ తనే వెయ్యాలి. మా ఇంటి మగాడు మట్టిలో ఉన్నాడు కనుక ఆ పని ఒగుటుది. ఒగుటు విత్తు తెరిచాడంటే ఆ రోజే అతని చాప మా ఇంట్లో పరుచుకుంటుంది. మేమిద్దరం, మా ఇళ్ళు, మా పొలాలు అన్నీ అతని కిందికి వెళ్ళిపోతాయి.

ఒగుటు పెద్దల్ని కూడగట్టుకొచ్చాడు. వాళ్ళలో అందరికన్నా ముసలాయన అగోలా కర్ర మీద గడ్డం ఆన్చి తీర్పు చెప్పాడు.

"వానలు వెనక్కి పోయేలోగా పెద్దకోడలు సొంత చేత్తో గింజ వేస్తే సరే. లేదంటే ఒగుటు వేస్తాడు. ఇంకొకరు చెయ్యి పట్టుకుని వేయించినా చెల్లదు." ఆ ఆఖరి ముక్క నా వంక చూస్తూ అన్నాడు.

చుట్టుపక్కల పొలాల్లో మొక్కజొన్న మొలకెత్తింది. నా పొలంలో గడ్డి మొలిచింది. నాకు ముగ్గురు పిల్లలు, గాదెలో అడుగు కనిపిస్తోంది. భయమేసింది, నిజం చెప్పడానికి సిగ్గెందుకు. ఆ భయం వాసన పట్టినట్టే ఒగుటు ఒక మధ్యాహ్నం నా వంటింటి దగ్గరకి వచ్చాడు.

"చిన్నొదినా, నీకెందుకీ బాధ? ఒక్క మాట అను. రేపే విత్తు తెరుస్తాను. మూలపడ్డ మనిషి కోసం పిల్లల్ని మాడుస్తావా?"

"పొయ్యి మీద నూనె కాగుతోంది మరిదీ. అది నా చేతికొచ్చేలోగా వెళ్ళిపో."

వెళ్ళిపోయాడు. కానీ అతనన్న మాట వెళ్ళలేదు. అపొండి ఇంట్లోకి దూసుకెళ్ళాను. మంచం మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"నీ పంతం కోసం నా పిల్లలు పస్తుండాలా?" అని అరిచాను.

ఆమె తలెత్తలేదు. "ఒగుటుని పిలుచుకో అకెచ్. నేను తప్పు పట్టను."

అపొండి నోటి వెంట అంత మెత్తని మాట నేనెన్నడూ వినలేదు. నాకు ఇంకా కోపమొచ్చింది.

"పిలవాలనుకుంటే నీ సెలవు అడుగుతానా? లే. ఆ మిగిలిన సూది తియ్యి. ఇది ఎందుకు పని చెయ్యట్లేదో ఆ డాక్టరమ్మని కడిగేద్దాం పద."

డాక్టర్ నెకెసా ఆమె చేతులు చూసి మొహం చిట్లించింది. సూదిని కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుంది. తేటగా ఉండాల్సిన మందులో తెల్లని నలకలు తేలుతున్నాయి.

"దీన్ని ఎక్కడ పెట్టావమ్మా?"

"ఉప్పు ఐసులో, పెద్ద చేపల కింద" అంది అపొండి గర్వంగా.

డాక్టరమ్మకు నవ్వు రాబోయి ఆగిపోయింది. "కోడిగుడ్డును గడ్డకట్టించి మళ్ళీ కరగనిస్తే పచ్చసొన మునుపటిలా ఉంటుందా? ఇదీ అలాంటి సరుకే. దీని ఆకారం సరిగ్గా ఉంటేనే ఆ కేకను పట్టుకోగలదు. గడ్డకడితే ఆకారం పోతుంది. నువ్వు పొడుచుకున్నది మందు కాదమ్మా, మందు శవం."

అపొండి మొహం మాడిపోయింది. ఐసు విషయంలో ఆమెను ఎవరైనా తప్పు పట్టడం అదే మొదటిసారి. నేను సందు దొరికింది కదా అని నోరు తెరవబోయి, ఆ మొహం చూసి మూసుకున్నాను. తర్వాత అపొండి మెల్లగా అడిగింది.

"అయితే తిరిగొచ్చింది శాపం కాదు?"

"కాదు. ఉప్పు."

"ఉప్పయితే నేను చూసుకుంటాను" అని లేచి నిలబడింది.

తిరుగు ప్రయాణంలో మటాటు వాన్‌లో అందరికీ వినబడేలా తనను తనే తిట్టుకుంది, మధ్యలో ఒగుటునూ కలిపి తిట్టింది. ఈసారి సూదులు మా ఊరి ఆరోగ్య కేంద్రంలో, పిల్లల టీకాలు దాచే ఫ్రిజ్‌లో పెట్టారు. డాక్టరమ్మే ఫోను చేసి వాళ్ళను ఒప్పించింది.

తర్వాత మిగిలింది ఎదురుచూపు. ఈ మందు నొప్పి మాత్రలా పూటలో పని చెయ్యదు. వానలు మా కోసం ఆగవు. రోజూ పొద్దున్నే లేచి నేను ఆకాశం చూసేదాన్ని, అపొండి తన వేళ్ళు చూసుకునేది. నా వంటింట్లో సంకటి తెడ్డు లాక్కుని తిప్పడం మొదలుపెట్టింది. గట్టి సంకటి తిప్పాలంటే పిడికిట్లో బలం కావాలి. మొదట్లో తెడ్డు జారి గిన్నె బోర్లా పడింది, పిల్లలు బూడిద దులుపుకుని తిన్నారు. కొన్నాళ్ళకు గిన్నె నిలబడింది. ఇంకొన్నాళ్ళకు ఉండలు కట్టకుండా తిప్పింది. ఎడమ చేతి చివరి రెండు వేళ్ళు మాత్రం ముడుచుకోలేదు. అవి ఇక ముడుచుకోవని, ఆ కీళ్ళు అప్పటికే పాడయ్యాయని డాక్టరమ్మ ముందే చెప్పింది.

వాన రోజు విడిచి రోజు పడే దాకా వచ్చింది. ఒక పొద్దున ఒగుటు ఒక చంకలో చాప, ఇంకో భుజం మీద పారతో మా వాకిట్లోకి వచ్చాడు. వెనక అగోలా, పెద్దలు, వాళ్ళ వెనక పని లేని సగం ఊరు.

"పెద్దొదినా, ఇక చాలు. అన్నయ్య పొలం బీడు పడుతోంది. పక్కకి జరుగు, విత్తు తెరిచేస్తాను."

అపొండి ఇంట్లోంచి వచ్చింది. గౌను గుండీలన్నీ తనే పెట్టుకుంది, నేను చూశాను. గింజలు నడుముకు చుట్టుకున్న గుడ్డ చివర ముడేసుకుంది. తిన్నగా ఒగుటు దగ్గరకి నడిచి, అతని భుజం మీది పార కర్ర పట్టుకుంది.

"పార బాగుంది మరిదీ. ఇటివ్వు."

అతను నవ్వుతూ వెనక్కి లాగాడు. రాలేదు. మళ్ళీ లాగాడు, ఈసారి నవ్వు లేదు. ఆమె మణికట్టు నరాలు తేలాయి గానీ పిడికిలి విడలేదు. జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. చంకలోని చాప జారిపోతుంటే అతను దాన్ని పట్టుకోవడానికి పార వదిలేశాడు.

అపొండి పొలంలోకి దిగింది. పార ఎత్తి వేసింది. మొదటి దెబ్బ గడ్డిని గీరింది, రెండోది మట్టిని లేపింది. గుంట అయ్యింది. అప్పుడు గుడ్డ ముడి విప్పాలి. పిడికిలి వేరు, గింజ పట్టే వేళ్ళు వేరు. ముడి విప్పింది. ఒక గింజ తీసింది. అది గుంటలో పడకుండా పక్కన బురదలో పడింది.

"చూశారా!" అన్నాడు ఒగుటు.

నా కాళ్ళు వాటంతటవే ముందుకు కదిలాయి. "ఆగవే అక్కడ!" అని అపొండి గద్దించింది. వంగి, బొటనవేలు చూపుడువేలుతో బురదలోంచి ఆ గింజనే ఏరింది. అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకుని, గుంటలో వేసి, కాలితో మట్టి కప్పింది.

ముసలి అగోలా కర్ర మీద నుంచి గడ్డం తీశాడు. "సొంత చెయ్యే. పితరులు కరుణించి శాపం తీసేశారు."

"పితరులకి దణ్ణం తాతా, వాళ్ళతో నాకు తగువు లేదు" అంది అపొండి. "కానీ నన్ను పట్టింది నా ఒళ్ళే. విడిపించింది ఏంటో చూసి మరీ పొండి. అకెచ్, తే."

అది సూది రోజు. ఆరోగ్య కేంద్రం నుంచి పొద్దున్నే తెచ్చి ఉంచాను. ఇన్నాళ్ళూ తలుపు వేసుకుని చేసిన పనిని ఆమె పొలం గట్టు మీద కూర్చుని, మోకాలి పైకి బట్ట జరుపుకుని, పెద్దలందరి కళ్ళ ముందు చేసింది. మందు మొత్తం లోపలికి పోయే దాకా సూదిని కదలనివ్వలేదు. ఆ సమయంలో ఆమెను చూసి నాకు కలిగిన గర్వం నా పెళ్ళి రోజున కూడా కలగలేదు.

తర్వాత లేచి పారను ఒగుటు చేతిలో పెట్టింది. "ఇదిగో నీది. చాప కూడా మర్చిపోకు, వానొస్తే తడుస్తుంది." నా వైపు తిరిగింది. "నువ్వేంటే గుడ్లప్పగించి చూస్తున్నావ్? పెద్దదాని పని అయ్యింది. పో, నీ పొలం చూసుకో."

నేను ఒగుటు దగ్గరకి వెళ్ళి చెయ్యి చాచాను.

"మరిదీ, ఆ పార ఇంకోసారి ఇవ్వు. నా పొలం మిగిలింది."

అంతమంది ముందు ఏం చేస్తాడు. ఇచ్చాడు.